బొట్టు పెట్టిన బెల్టు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషికి కొంచెం నెరిసిన జుట్టు, ఒక వాలుకుర్చీ, శాలువా కప్పించుకున్న ఫోటో ఒకటి ఉండాలంటారు. నాకు జుట్టు ఒక్కటే ఉంది, అదీ నల్లగా ఉంది. అయినా నేనూ రిటైరైన వాడినే. హన్మకొండలో ఒక ఏసీ డీలరు దగ్గర చేసే ఉద్యోగం నుంచి ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి ముందు రిటైరయ్యాను. మా సేటు నాలుగు మాటలు మాట్లాడాడు గానీ, అవి సన్మానపత్రంలో అచ్చు వేసే మాటలు కావు.

ఐటీఐలో నాకు పాఠం చెప్పిన సారు మొన్న ఫోన్ చేశారు. ఈ ఏడు చదువు ముగించుకొని పనుల్లోకి పోయే పిల్లల కోసం ఏదైనా రాయమన్నారు. "కొంచెం ధైర్యం చెప్పు వాళ్ళకు" అన్నారు. తమ్ముళ్ళూ, ధైర్యం సంగతే చెప్తాను. మన పనిలో ఆ మాటను ఎక్కువగా వాడేది కింద నిలబడి పైకి చూసేవాళ్ళని ముందే గమనించుకోండి.

మా షాపులో సేటు కాక పనివాళ్ళం నలుగురం. ఇద్దరు హమాలీలు, నేను, మా సీనియర్ అన్న. ఈ కథంతా అన్న చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు ఆయన గురించి చెప్పాలి. ఆయనది నెక్కొండ దగ్గర ఊరు. ఆదివారం చర్చికి పోకుండా ఉండడు, మిగతా ఆరు రోజులు సజ్జల మీద ఉంటాడు. సజ్జ అంటే కిటికీ మీద ఎండా వానా పడకుండా పోసే ఆ కొంచెం సిమెంటు పలక. ఏసీ బయటి పెట్టె, అంటే అవుట్‌డోర్ యూనిట్, బిగించాలంటే చాలా ఇళ్ళలో ఆ పలక మీదికి దిగాల్సిందే. మేమంతా దాని మీద పిల్లిలా పాకితే, అన్న మాత్రం ఇంటి అరుగు మీద పచార్లు చేసినట్టు నడిచేవాడు. దిగే ముందు ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని కళ్ళు మూసుకొని ఒక్క మాట ప్రార్థన చేసుకునేవాడు, అంతే. జనం కింద నిలబడి ఫోన్లలో వీడియోలు తీసేవాళ్ళు. అన్న చూడనట్టే ఉండేవాడు గానీ, ఎక్కే ముందు జుట్టు దువ్వుకునేవాడు.

ఊళ్ళో ఏసీ షాపులన్నిటికీ ఆయన తెలుసు. పేరు తెలియని వాళ్ళు కూడా సజ్జ మీద నడిచే ఆయన అంటే గుర్తుపడతారు. ఆయనకున్న పేరు ప్రతిష్ఠలన్నీ ఆ పలక మీదే ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

అలా ఉండగా వేరే షాపులో పనిచేసే ఒకతను సజ్జ మీది నుంచి పడ్డాడు. ప్రాణం పోలేదు, నడుము పోయింది. మేమంతా అరటిపళ్ళు తీసుకొని దవాఖానకు వెళ్ళి చూసొచ్చాం. బయటికొచ్చాక చాయ్ తాగుతూ, పాపం అనుకున్నాం. మర్నాడు పొద్దున అందరం మళ్ళీ సజ్జల మీదే ఉన్నాం. అతని స్థితి చూసి మాలో వచ్చిన మార్పు ఏదైనా ఉంటే, అది అరటిపళ్ళ ధర తెలియడమే.

నాకు మాత్రం నిద్ర సరిగా పట్టలేదు. ఇదేదో మానవత్వం అనుకోకండి, నాకు నా నడుమంటే ఇష్టం. అందుకే సేటును సేఫ్టీ బెల్టు అడిగాను.

"గోడకున్నది గదరా" అన్నాడు సేటు.

నిజమే, ఉంది. దాని చరిత్ర కూడా కొంచెం చెప్పాలి. ఎప్పుడో కంపెనీవాళ్ళు వచ్చి ఆ బెల్టు ఇచ్చి, సేటుతో ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఆ ఏడు దసరాకు సేటు డ్రిల్లు, పానాలు, గ్యాసు మీటర్లతో పాటు బెల్టునూ ఆయుధ పూజలో పెట్టాడు. పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. పూజయ్యాక మిగతావన్నీ పనికి కావాలి కాబట్టి తీశారు. బెల్టుతో ఎవరికీ పని లేదు, అందుకని దేవుళ్ళ పటాల కింద మేకుకు తగిలించారు. మరుసటి దసరాకు అక్కడే మళ్ళీ బొట్టు పెట్టారు. అలా అలా దానికి హోదా వచ్చింది. నేను చేరేసరికి షాపు తెరవగానే సేటు లక్ష్మీదేవికి, వినాయకుడికి, బెల్టుకు ఒకే చేత్తో అగరుబత్తి తిప్పుతున్నాడు.

దాన్ని దింపి వాడుకుందాం అంటే, పూజలో పెట్టినదాన్ని కాళ్ళ కింద పడేసే పనికి తీస్తారా అన్నాడు సేటు. అన్నను అడిగితే ఆయన ఇంకో వైపు నుంచి వచ్చాడు. "బొట్టు పెట్టినదాన్ని నేను కట్టుకోను తమ్మీ. మా పాస్టరుకు తెలిస్తె బాగుండది" అన్నాడు. రెండు మతాలూ ఒక్క విషయంలో పూర్తిగా ఏకమైతే ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. కొత్తది కొనమంటే సేటు "చూద్దాం తియ్" అన్నాడు. సేటు భాషలో చూద్దాం అంటే అదొక రుతువు. ఎప్పుడు మొదలవుతుందో తెలుస్తుంది గానీ ఎప్పుడు ముగుస్తుందో తెలియదు.

ఆ చలికాలంలోనే మాకు ఒక వింత ఆర్డరు వచ్చింది. మడికొండ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న ఒక సారు హీట్ పంపు కావాలన్నారు. ఎండాకాలంలో గదులను చల్లబరుస్తుంది, చలికాలంలో అదే మిషను తిరగబడి గదులను వెచ్చబరుస్తుంది. మే నెలలో మనుషులు వడియాల్లా ఎండే వరంగల్‌లో డబ్బిచ్చి వేడి కొనుక్కునే మనిషి ఉన్నాడా అని షాపంతా నవ్వుకున్నాం. హమాలీల్లో పెద్దాయనకు ఇంకో అనుమానం. "చలికాలం బయట వేడి యాడుంటదే, ఇది గుంజుకొచ్చేటందుకు?" అన్నాడు. ఉంటుంది, సేటు జేబులో పైసలున్నట్టు ఉంటుంది, మన చేతికి అందదు, ఈ మిషనుకు అందుతుంది అని చెప్పాను. ఐటీఐలో మా సారు నెల రోజులు చెప్పిన పాఠం ఆయనకు ఒక్క మాటలో ఎక్కింది.

కొలతలకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి అమ్మను చూశాక నవ్వు తగ్గింది. ఆమెకు కీళ్ళ జబ్బు. చలికాలం పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతాయట. ఎండ బాగా ఎక్కేదాకా చాయ్ గ్లాసు కూడా రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకోవాల్సిందే. గది వెచ్చగా ఉంచుకొమ్మని డాక్టరు చెప్పాడట. సారు రైల్వేలో డబ్బాల రిపేరు పని చేసి రిటైరైన మనిషి, నాలా కాదు, సన్మానంతో. వచ్చిన డబ్బుతో భార్య కోసం మిషను కొన్నాడు. అంతవరకు నాకు ఆయన మీద గౌరవమే.

చిక్కంతా మిషను పెట్టే చోటు దగ్గర వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడే సారు సిద్ధాంతిని అడిగాడట. ఇంటిని వెచ్చబరిచే మిషను అంటున్నారు, వేడి అంటే అగ్ని, అగ్ని అంటే ఆగ్నేయం అని సిద్ధాంతి తేల్చేశాడు. రెండో అంతస్తు పడకగది బయట, ఆగ్నేయం మూలన సజ్జ మీద, గోడకు ఎర్రగా చుక్క కూడా పెట్టి ఉంది. ఆ చుక్క పెట్టింది సిద్ధాంతి కాదు. ఆయన కింద నిలబడి వేలు చూపించాడు, పెయింటర్ వెళ్ళి పెట్టాడు. అప్పుడు ఇంటి చుట్టూ పరంజా ఉంది, పెయింటర్ కర్రల మీద నిలబడి పెట్టాడు. మేం వెళ్ళేసరికి పరంజా విప్పేశారు, చుక్క మిగిలింది.

మళ్ళీ పరంజా కట్టించండి సార్ అని ఆ రోజే అడిగాను. కట్టిస్తామన్నారు. సేటుకూ చెప్పాను. చూద్దాం తియ్ అన్నాడు.

బిగించే రోజు రానే వచ్చింది. ట్రాలీ ఆటోలో మిషను, హమాలీలు, వెనక నా బండి మీద అన్న, నేను వెళ్ళాం. పరంజా లేదు. ముహూర్తం మాత్రం ఉంది, పదకొండు లోపు గోడకు ఎక్కాలట. పరంజా కట్టాలంటే రేపటిదాకా ఆగాలి, ముహూర్తం రేపటిదాకా ఆగదు. అది మామూలు ఏసీ పెట్టె అయితే అన్న ఒక్కడే భుజాన వేసుకుపోయేవాడు. ఇది రెండు ఫ్యాన్లతో నా ఛాతీ దాకా వచ్చే బీరువా. హమాలీలు, మేము కలిసి దాన్ని మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఎక్కించేసరికి నలుగురికీ దేవుళ్ళు కనిపించారు, ఎవరి దేవుడు వాళ్ళకు.

కిటికీ గ్రిల్లు విప్పించి ఉంచారు. పథకం తేలికే. అన్న, నేను కిటికీలోంచి సజ్జ మీదికి దిగాలి. గోడకు రంధ్రాలు చేసి ఇనుప స్టాండు బిగించాలి. హమాలీలు లోపలి నుంచి బీరువాను అందిస్తే దాన్ని పట్టి స్టాండు మీద కూర్చోబెట్టాలి. నేను కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. సజ్జ, గోడ కలిసే చోట పొడుగునా సన్నటి గీత, దాని మీద పుట్టీ పూసి రంగు వేసి ఉంది. అది పగులో, మేస్త్రీ చేతి గీతో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు, అదే నా బాధ. లోపల ఎంత ఇనుము వేశారు సార్ అని అడిగితే, సారు మేస్త్రీకి ఫోన్ కలిపి ఇచ్చాడు.

"మంచిగనే ఏసినం, ఏం ఫికర్ లేదు" అన్నాడు మేస్త్రీ. ఫోన్ పెట్టే ముందు "ఇంతకు ఏ ఇల్లు అది?" అని అడిగాడు.

అన్న అప్పటికే ప్యాంటు మడిచాడు, జుట్టు దువ్వుకున్నాడు. కింద పక్కింటి వాళ్ళు ఫోన్లు పట్టుకొని నిలబడ్డారు. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకోగానే నేను వెళ్ళి కిటికీ చట్రంలో కూర్చున్నాను. కాళ్ళు గదిలోకి, వీపు ఆకాశానికి. ఆ ఇంట్లో ఆ రోజు అన్నిటికన్నా ప్రమాదకరమైన చోట కూర్చుంది నేనే అని తర్వాత అర్థమైంది. తిరుగుబాటు చేసేటప్పుడు ఇలాంటి చిన్న విషయాలు తట్టవు.

"జరుగుర" అన్నాడు అన్న.

"నేను దిగను అన్నా. నిన్ను దిగనియ్య."

ఆ మాట అన్నాక ఏదో జరుగుతుందనుకున్నాను. కింద వంటింట్లో కుక్కరు కూత వేసింది, అంతే. అన్న నవ్వాడు. ఇన్నేళ్ళ నుంచి ఇలాగే చేస్తున్నానని అన్నాడు. తమ్ముళ్ళూ, మీరు రేపు ఏ పనిలో చేరినా ఈ మాట వింటారు. దవాఖానలో పడుకున్న ఆ మనిషి కూడా పడే నిమిషం దాకా ఇన్నేళ్ళ నుంచి అలాగే చేశాడు. ఆ సజ్జను ఎండ ఆపడానికి పోశారు. ఎండకు బరువుండదు. మాకుంది, ఆ బీరువాకు మాకంటే ఎక్కువుంది. పైగా బిగించేది ఒక్కసారే గానీ ప్రతి ఏడూ సర్వీసుకు ఎవడో ఒకడు మళ్ళీ దాని మీదికి దిగాలి. ఇదంతా నేను వరసగా చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు సర్ది రాస్తున్నాను.

అన్నకు కోపం అప్పుడొచ్చింది. "అంటే నేను పడ్తననా? నాకు పని నేర్పుతానవా? కింద అందరు చూస్తాండ్లు, పరువు తియ్యకు తమ్మీ" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే వేరేది ఉంది. నేను దాన్ని వినదలుచుకోలేదు.

సారు సేటుకు ఫోన్ చేశాడు. ఆ కాలనీలో ఇంకా బోలెడు ఇళ్ళు లేస్తున్నాయి, సేటు కళ్ళన్నీ వాటి మీదే. మేం కొలతలకు రమ్మంటే రాని మనిషి పావుగంటలో ఊడిపడ్డాడు.

"భయమైతె పక్కకు జరుగురా. ఎక్కేటోళ్ళు ఎక్కుతరు."

"భయమే సేటు. అందుకే జరుగుత లేను."

"ఇయ్యాల మిషన్ ఎక్కకుంటె రేపటిసంది నువ్వు షాపుకు రావద్దు."

ఇలాంటి చోట కథల్లో మనిషికి అమ్మ ముఖం, ఇంటి అద్దె గుర్తొస్తాయి. నాకు ఆ నెల బండి కిస్తీ గుర్తొచ్చింది. అయినా లేవలేదు. లేస్తే అన్న దిగుతాడు. దిగితే ఏమీ కాకపోవచ్చు, చాలా రోజులు ఏమీ కాలేదు కూడా. ఆ ఏమీ కాకపోవడం మీదే మా షాపు నడుస్తోంది.

"బెల్టు తెప్పియ్యి సేటు" అన్నాను. "పిల్లరుకు కట్టుకొని నేనొక్కన్నే దిగుత. అన్నకు అది పనికి రాదు, నాకు పనికొస్తది."

గదిలో అందరికీ ఆ బెల్టు ఎక్కడుందో తెలుసు. తెలియనిది సారుకు, ఆయన భార్యకే. తెప్పించండి మరి, ఆలస్యమెందుకు అన్నాడు సారు. ఇక సేటుకు దారి లేకపోయింది. హమాలీల్లో చిన్నవాణ్ణి నా బండి ఇచ్చి షాపుకు తోలాడు. దసరా అయి ఎంతో కాలం కాలేదు, తీసేటప్పుడు దండం పెట్టి తియ్యమని కూడా చెప్పాడు.

అతను వెళ్ళి వచ్చేదాకా నేను కిటికీలోనే ఉన్నాను. ఆ అమ్మ చాయ్ తెచ్చింది. ట్రే పట్టుకునే వేళ్ళు లేవు, ఒక్కొక్క గ్లాసే రెండు అరచేతుల మధ్య అదిమి, ఒకరి తర్వాత ఒకరికి తెచ్చి ఇచ్చింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. సమ్మె చేసేవాడికి యాజమాన్యం కంటే ముందు చాయ్ అందడం నేను ఎక్కడా వినలేదు. ముహూర్తం కాజీపేట బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కొని పోయింది.

బెల్టు వచ్చింది. ఎండిన బంతిపూల దండతో సహా వచ్చింది. సేటు దాన్ని అందుకొని, దండ తీసి కళ్ళకద్దుకొని, గెలిచినవాడిలా నా ఒళ్ళో వేశాడు. "ఇగో. ఇప్పుడు దిగు."

నేను దిగుదామనే లేచాను, నిజంగా. నడుముకు కట్టుకుందామని రెండు చేతులా పట్టి లాగాను. వెనక పట్టీ పుటుక్కుమంది. గోడ వైపు ఉండే భాగం, ఎవరూ బొట్టు పెట్టని భాగం, ఎలుకలు కొరికేశాయి. ఎలుకలకు మతం పట్టింపు లేదు. కొక్కేన్ని నొక్కి చూశాను, పసుపూ నూనే పేరుకొని అది తెరుచుకోవడం మానేసి చాలా కాలమైనట్టుంది. నేల మీద పొడి పొడిగా పసుపు, కుంకుమ, కొన్ని ఎండు రెక్కలు రాలాయి.

తెగిన పట్టీ అందరికీ కనిపించేలా పట్టుకొని నిలబడ్డాను.

మాట్లాడింది ఆ అమ్మ. మాతో కాదు, భర్తతో. "మీరు ఉద్యోగం చేసినన్ని రోజులు రైలు కదలకుండ ఎర్రజెండ పాతనిదే డబ్బ కింద తల పెట్టలేదు. ఎంత పెద్ద సారు వచ్చి తొందర పెట్టినా పెట్టలేదని ఇన్నేండ్లు నాకు చెప్తాన్రు. వీళ్ళకేమో ముహూర్తమా?"

సారు వాచీ చూసుకోబోయి చెయ్యి దించాడు.

"నా గది వెచ్చగుండాలె అని ఇంకొకళ్ళ బొక్కలు ఇరగాలనా? నాకొద్దు ఆ వేడి" అని ఆమె రాలిన కుంకుమను చీపురుతో తీయడానికి వంగింది. వేళ్ళు పట్టనీయలేదు. అన్న వెళ్ళి చీపురు అందుకొని తనే ఊడ్చాడు. ఊడుస్తూ ఆ పట్టీ వైపు చాలాసేపు చూశాడు. అప్పటిదాకా మడిచి ఉన్న ప్యాంటును కిందికి దించుకున్నాడు.

తర్వాత జరిగినదంతా చప్పగా ఉంటుంది. మంచి పనులు చూడ్డానికి చప్పగానే ఉంటాయి. సారు సిద్ధాంతికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాడు. ఇంతకీ ఆ బయటి పెట్టెలోంచి ఏం వస్తుందని సిద్ధాంతి అడిగాడు. ఎండాకాలం వేడిగాలి, చలికాలం చల్లగాలి అని చెప్పాను. అటు వైపు పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆరు నెలలు అగ్ని, ఆరు నెలలు కానిది, ఆయన శాస్త్రానికి పాపం ఇది కొత్త. చివరికి "ఎట్లయినా గాలే గదా వచ్చేది. గాలి అంటే వాయవ్యం" అన్నాడు. వాయవ్యం మూలన వాషింగ్ మిషన్ పెట్టుకునే బాల్కనీ ఉంది. దానికి నేల ఉంది, నడుమెత్తు గోడ ఉంది, గాలి ఆడుతుంది. సాయంత్రానికి మనుషుల్లా రెండు కాళ్ళ మీద నేల మీద నిలబడి బిగించాం.

అప్పటికి నా ఉద్యోగం పోయింది. భోజనాలకు ముందే సేటు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి ఆ నాలుగు మాటలూ మాట్లాడాడు. కానీ బీరువాను బాల్కనీకి మోయడానికి నలుగురు కావాలి, నేను నాలుగోవాణ్ణి. "ఎత్తినంక పో" అన్నాడు. రిటైరయ్యాక నేను చేసిన మొదటి పని అదే. అన్న పైపులు వంచి అతికిస్తుంటే చూసి తీరాలి, అంత శుభ్రంగా చేస్తాడు. ఆ రోజంతా నాకు పానా అందించమని చెయ్యి చాపాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

చీకటి పడే వేళకు మిషను వేశాం. ఆ అమ్మ గదిలో గోడ మీది పెట్టె కింద నిలబడి చేతులు పైకెత్తింది. కాసేపటికి వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. "వెచ్చగున్నది బిడ్డా" అంది. నేను మడికొండ నుంచి నిరుద్యోగిగా తిరిగి వచ్చాను. దారిలో అన్న నా బండి వెనక ఎక్కలేదు, హమాలీలతో ట్రాలీలో వచ్చాడు. షాపు దగ్గర దిగి ఒక్క మాటే అన్నాడు. "అందరి ముందట నన్ను పడేటోన్ని చేసినవ్."

ఆయన సజ్జ మీద నడిచే మనిషి. నేను ఆయన సజ్జను తీసేశాను. ప్రాణం కాపాడినందుకు సినిమాల్లో కౌగిలించుకుంటారు. అన్న చాలా నెలలు నా ఫోన్ ఎత్తలేదు. షాపు సంగతులు హమాలీల ద్వారా తెలిసేవి. సేటు ఆ బెల్టును తెగిన పట్టీ వెనక్కి మడిచి, ముందు నుంచి బాగా కనిపించేలా మళ్ళీ మేకుకు తగిలించాడట. కొత్త దండ కూడా వేశాడట.

నేను కాజీపేటలో చిన్న గది తీసుకొని సొంతంగా రిపేర్లు మొదలుపెట్టాను. డ్రిల్లు కంటే ముందు బెల్టు కొన్నాను. చూసిన వాళ్ళంతా నవ్వారు, పని లేదు గానీ బెల్టుందే అన్నారు. మా అమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా దానికి కొంచెం కుంకుమ పెడతానంటుంది. ఈ షాపులో అన్నిటికీ పెట్టుకో, నాకూ పెట్టు, దాని జోలికి మాత్రం రాకు అని చెప్పాను. మొదట్లో అమ్మ బాధపడింది. దేవుడంటే నాకు కోపం అనుకుంది. కోపం మేకు మీద.

వానాకాలంలో ఒకరోజు అన్న వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు. సేటు దగ్గర పైపుల్లో గాలి గుంజే వ్యాక్యూమ్ పంపు చెడిపోయిందట, రెండు రోజులకు ఇవ్వమన్నాడు. ఇచ్చాను. పట్టుకొని వెళ్ళకుండా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అది గూడ ఇయ్యి" అన్నాడు.

"ఏది అన్నా?"

"అదే."

తీసి ఇచ్చాను. ముందూ వెనకా తిప్పి చూశాడు. పట్టీలను లాగి చూశాడు. "బొట్టు పెట్టలే గదా?" అన్నాడు. పెట్టలేదన్నాను. "మీ వదిన ఒక్కటే పోరు పెడ్తాంది, అందుకు. నాకేం అవసరం లేదు" అన్నాడు. నాకు తెలుసన్నా అన్నాను. మళ్ళీ తిరిగి ఇచ్చేటప్పుడు బెల్టును చక్కగా చుట్ట చుట్టి ఇచ్చాడు. తర్వాత అది చాలాసార్లు అలాగే వెళ్ళి, అలాగే వచ్చింది. సేటు పంపు మాత్రం బాగయింది, బెల్టు రాకపోకలు ఆగలేదు.

మొన్న దసరాకు నా షాపులో మొదటి ఆయుధ పూజ. అమ్మ పొద్దున్నే వచ్చి నేల కడిగి, కొత్త బట్ట పరిచి, డ్రిల్లు, పానాలు, మీటర్లు, పైపు కోసే కత్తెర అన్నీ వరసగా పేర్చింది. ఒక్కొక్కదానికి బొట్టు పెట్టుకుంటూ వచ్చి, గోడ వైపు తల ఎత్తింది. మేకు ఖాళీగా ఉంది.

"బెల్టేదిరా?"

"నర్సంపేటల ఉన్నదమ్మా. అన్నకు ఇయ్యాల పండుగ లేదు గదా, పనికి పోయిండు."

"పండుగపూట పూజకు లేకుంట ఎట్లరా?" అని గొణుగుతూ అమ్మ ఖాళీ మేకునే కాసేపు చూసింది. బొట్టు వేలు ఇంకా తడిగానే ఉంది. మేకుకైనా పెడతాననుకున్నాను, పెట్టలేదు. ఆ వేలు నా నుదుటికి తుడిచేసి, అన్న వచ్చాక అన్నం తిని పొమ్మని చెప్పమంది.